తాడుకు పక్షపాతం లేదు

క్రితం వారం మనం అప్పలసూరిని తొమ్మిదో తరగతి ఫిజిక్సు క్లాసు గుమ్మంలో, చేతిలో హెల్మెట్టుతో, కోపంతో ఉడికిపోతూ ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, ఆ కోపానికి కారణం లేకపోలేదు. భిలాయి ప్లాంటులో బరువులెత్తే ఖలాసీ గ్యాంగుకు ఆయన పెద్ద. ఏటా విశ్వకర్మ పూజ నాడు జరిగే రస్సాకషీలో, అంటే మన తాడు లాగుడు పందెంలో, కిందటేడు ఓడేదాకా ఆయన జట్టుదే రాజ్యం. అలాంటి మనిషి అన్నం తింటూ ఉంటే కన్నకూతురు కుముదిని ఎదురుగా కూచుని, "నాన్నా, తాడుకి రెండు కొసల్లోనూ లాగుడు ఒక్కటేనంట. ఓడినోళ్ళు కూడా గెలిచినోళ్ళంత గట్టిగానే లాగుతారంట. మా బెహన్‌జీ చెప్పేరు" అనేసింది. బెహన్‌జీ అంటే అక్కడి బళ్ళో టీచరమ్మ. ఆయన కంచం తోసేసి లేచాడు. మర్నాడు షిఫ్టు దిగి తిన్నగా బడికే వచ్చి, "ఇలాటి అబద్ధాలు నేర్పితే నా పిల్లని సైన్సులో ఉంచను. హోం సైన్సులో పడేస్తాను. వంటా కుట్టూ నేర్చుకుంటాది" అని క్లాసంతా వినేలా చెప్పాడు.

ఆ మాటకు ఫిజిక్సు చెప్పే కమలాకుమారికి పౌరుషం పొడుచుకొచ్చింది. విజయనగరం నుంచి ఈ జూన్‌లోనే ఉద్యోగానికి వచ్చిన పిల్ల. వయసు చిన్నది, గొంతు పెద్దది. "మీ పందెం రోజునే, మీ తాడుకే, రెండు కొసలా రెండు కాటాలు కట్టి చూపిస్తాను సూరిగారూ. నిజమని తేలితే అమ్మాయి సైన్సులోనే ఉంటుంది" అంది. "తేలకపోతే మర్నాడే పేరు మార్చీడమే" అన్నాడు అప్పలసూరి. ఇద్దరూ కలిసి కుముదిని బతుకును పందెంలో పెట్టారు. ఆ పిల్లను మాటవరసకైనా ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేది, సైన్సు తీసేస్తే తనకు అన్నం సయించదని.

ఇవాళ ఆ రోజు వచ్చేసింది. సెప్టెంబరు పదిహేడు.

సెక్టారు గ్రౌండులో విశ్వకర్మ పందిరి వెలిగిపోతోంది. ఒక మైకులో భజన. పక్క సెక్టారు పందిట్లోంచి, ఆ భజనను మింగేస్తూ ఇంకో భజన. ఎర్రమొరం నేలను రోలరుతో తొక్కించి, నున్నగా చేసి, సున్నంతో గీతలు గీశారు. ఆదివారమని కూడా చూడకుండా తొమ్మిదో తరగతి మొత్తం దిగిపోయింది. ఫిజిక్సు క్లాసుకు ఇంత హాజరు ఆ బళ్ళో ఎప్పుడూ పడలేదు. సగంమంది బెహన్‌జీ పక్షం, సగంమంది అంకుల్ పక్షం, అందరూ బూందీ పక్షం.

కమలాకుమారి భుజానికి సంచీ తగిలించుకుని, గొడుగు ఊపుకుంటూ వచ్చింది. సంచీలో బడి ల్యాబులోని స్ప్రింగు కాటాలు రెండున్నాయి, పిల్లలకు చూపించడానికి. అసలు పందేనికి మాత్రం క్రేను కొక్కేనికి తగిలించే పెద్ద డయల్ కాటాలు కావాలి. వాటిని ఇప్పిస్తానని ప్లాంటు వర్క్‌షాపు ఫోర్‌మన్ గోపాలస్వామి తల ఊపి ఉన్నాడు. ఇవాళ పందేనికి అంపైరు కూడా ఆయనే.

"స్వామిగారూ, కాటాలు తెప్పించారా?" అని ఆవిడ అడగగానే గోపాలస్వామి రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకున్నాడు.

"ఏటమ్మా, ఇయ్యాల కాటాలంటారేటి? అదుగో సూడండి!"

పందిట్లో దేవుడి పటం ముందు సుత్తులు, స్పానర్లు, గొలుసు కప్పీలు బారులు తీరి ఉన్నాయి. వాటి నడుమ పెళ్ళికొడుకుల్లాగ రెండు పెద్ద డయల్ కాటాలు. బంతిపూల దండలు, గాజు మీద కుంకుమ బొట్లు.

"ఇయ్యాల ఏ పనిముట్టూ పని చెయ్యకూడదు తల్లీ. రేపు పొద్దున్న మళ్ళీ దీపం ఎలిగించేదాకా దాన్ని ముట్టుకుంటే ఒట్టే. ప్లాంటులోకి కొత్తగా వచ్చిన కుర్రోడిక్కూడా తెలుసు ఇది."

కమలాకుమారి ముఖం పాలిపోయింది. "మా ఊళ్ళో ఆయుధపూజ దసరాకి కదండీ..." అంది మెల్లగా.

అదీ సంగతి. ఫిజిక్సులో ఫస్టు క్లాసే గాని, పంచాంగంలో ఆవిడ ఇంకా విజయనగరం దాటి రాలేదు. కాటాలు కట్టి కొలుస్తానని సవాలు చెయ్యడానికి ఏడాది మొత్తం మీద భిలాయిలో ఏ కాటా పనిచెయ్యని రోజును ఏరి కోరి పట్టుకుంది.

చెయ్యి తనకు తెలియకుండానే సంచీ మీదకు వెళ్ళింది. వెనకనుంచి అప్పలసూరి గొంతు ఖంగుమంది.

"ఆ సంచీ మూసీయండి టీచరమ్మా. బడి కాటా అయితే మాత్రం కాటా కాదేటి?"

తెల్ల బనీను, మోకాళ్ళదాకా మడిచిన ప్యాంటు, నుదుటి మీద ఇంత బొట్టు. పందేనికి సిద్ధమై ఉన్నాడు. పక్కనే చాపచుట్టలాగ పడి ఉంది తాడు.

"మరి తాడు పనిముట్టు కాదా అంకుల్?" అని గుంపులోంచి కనకరత్నం అనే పిల్ల అడిగింది. ఆ క్లాసులో దానికి నోరు ఎక్కువ.

"ఇది కొత్త తాడమ్మా. ఇంకా ఒక్క బరువైనా ఎత్తలేదు. ఆటకోసమని కొన్నాం. పూజయ్యేక పన్లోకి ఎల్తాది." అప్పలసూరి మీసం సవరించుకున్నాడు. "అయితే తేలిపోయినట్టే కదేటి? కాటా లేదు, రుజువూ లేదు."

"రేపు చూపిస్తాను. రేపు సాయంత్రం..."

"పందెం ఇయ్యాల. మాటా ఇయ్యాలికే. రేపు పొద్దున్న నాను బడికొచ్చి పేరు మార్పించీడమే."

కుముదిని గబుక్కున వెనక్కి తిరిగింది. ఆడవాళ్ళ వైపు చూసింది. అక్కడ తల్లి వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఆవిడ చూపు కూతురి మీద లేదు. గ్రౌండుకు అటు చివర, రోలింగు మిల్లు జట్టులో ఆఖర్న నిలబడి అరచేతులకు మట్టి రాసుకుంటున్న మనిషి మీద ఉంది. అతను వరమ్మ తమ్ముడు నూకరాజు. కిందటేడు దాకా అప్పలసూరి జట్టులోనే, ఆయన ముందరే నిలబడి లాగినవాడు. అప్పుడు ఫైనల్లో జట్టు ఓడిపోయింది. "నూకరాజు చేతులు వదులు చేసేడు, నా కళ్ళతో నాను చూసేను. వాడు లాగలేదు" అన్నాడు అప్పలసూరి. ఆ రోజునుంచి బావమరిదికి ఇంటి గడప తొక్కే దారి లేకుండా పోయింది. నూకరాజు ప్లాంటులోనే వేరే షాపుకు, ఆ రోలింగు మిల్లుకే, బదిలీ చేయించుకున్నాడు. మొన్న రాఖీ పండగకు వరమ్మ రాఖీ కొని, కట్టే చెయ్యి దొరక్క, పోపుల డబ్బాలో దాచుకుంది. ఈ ఊరు వచ్చాక నేర్చుకున్న పండగే అయినా, ఏడుపు మాత్రం సొంతదే.

సరిగ్గా అప్పుడే తారు రోడ్డు మీద జాంపళ్ళ ఠేలా ఒకటి వచ్చి పందిరి ముందు ఆగింది. నాలుగు సైకిలు చక్రాలు, మీద బల్ల. బిసాహూ అనే ఛత్తీస్‌గఢీ ముసలాయనది. అతను ఆపుదామని చెయ్యి తీసినా బండి ఇంకా కొంచెం దూరం తనంతట తనే జారిపోయింది. నూనె బాగా పెట్టిన చక్రాలు.

కుముదిని కళ్ళు మెరిశాయి. బెహన్‌జీ చెయ్యి పట్టుకుని గుంజింది. "బెహన్‌జీ! చక్రాలు! మీరు చక్రాల స్కేట్లు వేసుకున్న మనిషి గోడని తోస్తే ఏమవుతాదని అడిగేరు కదా, మొన్న? గోడ తోసినట్టు ఆ మనిషే వెనక్కి పోతాడని..."

కమలాకుమారి ఠేలా వైపు చూసింది, తాడు వైపు చూసింది, అప్పలసూరి వైపు చూసింది. పాలిపోయిన ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. గొడుగు తీసి కనకరత్నం చేతిలో పెట్టి కొంగు దోపింది.

"సూరిగారూ, కాటా వద్దు. కొలవను, తూచను. మీరు ఆ బండెక్కి కూచుని తాడు లాగితే చాలు. మీ కళ్ళతో మీరే చూసుకోండి."

"ఠేలా కూడా పనిముట్టే కదండీ" అని నసిగాడు గోపాలస్వామి.

బిసాహూ నవ్వాడు. "హమర్ బిస్కర్మా తో రోజ్ కమాథే, బాబూ" అన్నాడు. మా విశ్వకర్మకు సెలవు లేదు, రోజూ కష్టపడాల్సిందే అని. గోపాలస్వామి పక్కకు తప్పుకుని బండికి దారిచ్చాడు. పిల్లలు జాంపళ్ళు గోనెలోకి దించేశారు, దించినన్నీ గోనెలోకే చేరాయని నేను చెప్పలేను.

అప్పలసూరి చుట్టూ చూశాడు. గ్యాంగు మొత్తం ఆయన్నే చూస్తోంది. వెనక్కి తగ్గితే భయపడ్డాడంటారు. ఒక్క ఊపులో ఠేలా ఎక్కి, బల్ల ముందరి అంచుకు కాళ్ళు తన్నిపెట్టి కూచున్నాడు. తాడు ఒక కొస ఆయన చేతిలో. రెండో కొస రోడ్డు మీద కొంచెం దూరాన కుముదిని చేతిలో. చెప్పులు విడిచి, అరికాళ్ళు తారుకు అదిమిపెట్టి నిలబడింది.

"పిల్లలూ, ఇటు చూడండి!" కమలాకుమారి గొంతు మైకును మించిపోయింది. "కుముదిని లాగదు. తాడు గట్టిగా పట్టుకుని నిలబడుతుంది, అంతే. లాగేది సూరిగారు ఒక్కరే. ఎవరు కదులుతారు? కుముదిని ముందుకొచ్చి పడుతుందనేవాళ్ళు చేతులెత్తండి!"

క్లాసు క్లాసంతా చేతులెత్తింది. బెహన్‌జీ పక్షంవాళ్ళూ ఎత్తారు. గ్యాంగువాళ్ళు ఎత్తారు. ఆడవాళ్ళ వైపునుంచి వరమ్మ కూడా ఎత్తింది. ఠేలా మీద కూచుని అప్పలసూరి తనూ ఒక చెయ్యి ఎత్తాడు. ఎత్తనిది కుముదిని ఒక్కతే. దాని రెండు చేతులూ తాడు మీద ఉన్నాయి.

"ఊఁ, లాగండి."

కూతురు బోర్లా పడుతుందేమోనని ఆయన మెత్తగానే లాగాడు. ఎంత కోపమున్నా తండ్రి కదా. కుముదిని కదల్లేదు. ఠేలా కిర్రుమంది. కిర్రుమని, ముందుకు దొర్లింది.

అప్పలసూరి గిరుక్కున వెనక్కి తిరిగాడు. "ఎవడ్రా ఎనకనుంచి తోసినోడు?"

వెనక ఎవరూ లేరు. బిసాహూ దూరంగా నిలబడి రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"మళ్ళీ!" అని అరిచారు పిల్లలు. "అంకుల్, ఫిర్ సే! జోర్ సే!"

ఠేలాను వెనక్కి తోసి పెట్టారు. ఈసారి అప్పలసూరి అరచేతుల్లో ఉమ్మేసుకున్నాడు. గ్యాంగు అలవాటుకొద్దీ అందుకుంది. "జోర్ లగాకే... హైసా!" ఆ హైసా మీద, ఫైనల్లో లాగినట్టు లాగాడు. ఠేలా రివ్వుమంది. ఎనభై కిలోల మనిషిని మోసుకుంటూ తిన్నగా కూతురి మీదకు దూసుకొచ్చింది. వరమ్మ కెవ్వుమంది. బిసాహూ "అరే, మోర్ ఠేలా!" అని తన బండి కోసం గోల పెడుతూ పరిగెత్తాడు. కుముదిని తాడు వదిలేసి బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, అడుగు అడుగూ వెనక్కి వేస్తూ ఆపింది. ఆగేసరికి తండ్రి ముఖం దాని ముఖానికి జానెడు దూరంలో ఉంది.

"చూసేవా నాన్నా? నువ్వు ఎంత గట్టిగా లాగితే అంత జోరుగా నా దగ్గరికి వచ్చీసేవు!" అంది ఆ పిల్ల, ఆయాసంతో నవ్వుతూ.

క్లాసు ఎగిరి గంతేసింది. కమలాకుమారి కూడా గంతేసింది. ఆ సంగతి తర్వాత ఆవిడ ఒప్పుకోలేదనుకోండి.

"ఉండండి, ఉండండి! ఇప్పుడు సూరిగారు తాడు పట్టుకుని ఊరికే కూచుంటారు. కుముదిని లాగుతుంది. ఎవరు కదులుతారు?"

ఈసారి చేతులు తటపటాయించాయి. కుముదిని లాగింది. మళ్ళీ కదిలింది ఠేలాయే. తర్వాత తారుమారు చేశారు. కుముదిని ఠేలా ఎక్కింది, అప్పలసూరి కిందకు దిగి గుంజలాగ నిలబడ్డాడు. పిల్ల పళ్ళబిగువున లాగి, తనే గడగడా దొర్లుకుంటూ తండ్రి దగ్గరకు వచ్చేసింది. అప్పటికి గ్రౌండులో భజన వినేవాళ్ళెవరూ లేరు. అందరూ రోడ్డు మీదే ఉన్నారు.

అప్పలసూరి తాడు పట్టుకున్న తన అరచేతులు చూసుకుంటున్నాడు. బరువులు మోసి మోసి రాటుదేలిన చేతులు అవి.

"సూరిగారూ" అంది కమలాకుమారి, గొంతు తగ్గించి. "మొదటిసారి మీరు లాగినప్పుడు అమ్మాయి ఏం చేసింది?"

"ఏటీ చెయ్యలేదు. నిలబడింది."

"మరి మిమ్మల్ని ఎవరు లాగారు?"

ఆయన చేతిలోని తాడు వైపు చూశాడు. "తాడు లాగింది" అన్నాడు చివరికి.

"తాడుని ఎవరు లాగారు?"

"నానే."

"మీరు దాన్ని ఎంత లాగారో అది మిమ్మల్ని అంతే లాగింది. ఇందాక అమ్మాయి లాగినప్పుడు మీరు ఊరికే నిలబడ్డారు కదా, చేతికి ఏమీ తెలియలేదా?"

"తెలిసింది. బాగానే తెలిసింది. నాను లాగుతున్నట్టే ఉంది."

"అంతేనండీ. తాడుకు పక్షపాతం లేదు. ఈ కొసకి ఎంతో ఆ కొసకీ అంతే. గెలుపూ ఓటమీ ఉన్నది తాడులో కాదు, కాళ్ళ కింద. ఎవరి కాళ్ళు నేలని గట్టిగా తన్నిపట్టుకుంటే వాళ్ళు గెలుస్తారు. చక్రాల మీద కూచుంటే నేలని తన్నడానికి ఉండదు, అందుకే ఎంత బలమున్నా జారిపోయారు. దీన్ని ఘర్షణ అంటారు. పిల్లలూ, ఘర్షణ! రేపు ఎవరైనా తప్పు చెబితే ఊరుకోను."

అప్పలసూరి ఠేలా అంచు మీద మెల్లగా చతికిలపడ్డాడు. "అయితే ఓడినోడు లాగలేదని అనడానికి లేదన్నమాట" అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. అనేసి, గ్రౌండు అటు చివరికి ఒక్క చూపు చూసి, వెంటనే తల తిప్పేసుకున్నాడు.

ఆ చూపు కుముదిని పట్టేసుకుంది. ఇన్నాళ్ళూ గొంతులో అడ్డంపడి ఉన్న మాట ఇక ఆగలేదు.

"నాన్నా, కిందటేడు మావయ్య తాడు వదలలేదు. మీ అందరి కాళ్ళూ జారేయి. కొబ్బరికాయల వల్ల."

"ఏటీ?"

ఈ కొబ్బరికాయల సంగతి చెప్పాలి. పందెం మొదలయ్యే ముందు జట్టులో ఒక్కొక్కడూ తను నిలబడే చోట, తన కాళ్ళ దగ్గరే, ఒక కాయ కొడతాడు. విశాఖ సముద్రపొడ్డునుంచి ఈ గ్యాంగుతో పాటే వచ్చిన అలవాటు. కాయ కొట్టకుండా తాడు ముట్టరు. మిగతా జట్లకు ఆ ఆచారం లేదు.

"ముందు పందేలు నాలా పక్కన ఇసక నేల మీద జరిగేవి కదా?" కుముదిని మాటల్లో హిందీ, తెలుగూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "ఇసక గీలా అయితే, తడిస్తే, గట్టిపడతాది నాన్నా. కాలు పాతుకుంటాది. కొబ్బరినీళ్ళు మీకు మంచే చేసేయి, అందుకే గెలిచేరు. కిందటేడు ఈ గ్రౌండుకి మార్చేరు. ఇది మొరం, పైగా రోలరుతో తొక్కించేరు. దీని మీద నీళ్ళు పడితే పాకుడే. మీరందరూ మీ కాళ్ళ కిందే నీళ్ళు పోసుకున్నారు. రోలింగు మిల్లువాళ్ళు పొడి నేల మీద నిలబడ్డారు. సచ్చీ చెప్తున్నా. మావయ్య తప్పేటీ లేదు."

గ్యాంగులో గుసగుసలు బయల్దేరాయి. ఒకడు నిజంగానే వంగి నేల తడిమి చూశాడు. అప్పలసూరి ముఖం నల్లబడింది.

"అయితే ఈ ఠేలా, ఈ తాడు, ఈ తతంగమంతా మీ మావ తరఫున వకాల్తా పుచ్చుకోడానికా?"

"అవును!" అనేసింది కుముదిని. అని, తనే హడలిపోయింది. అయినా ఆగలేదు. "బెహన్‌జీ ఈ పాఠం చెప్పిన రోజు నాకు ముందు మావయ్యే గుర్తొచ్చేడు. ఏడాదైంది నాన్నా. అమ్మ రాఖీ పోపుల డబ్బాలో ఉంది. జీలకర్ర తీసినప్పుడల్లా ఏడుస్తాది, నువ్వు చూడవు. నువ్వు నన్ను సైన్సు తీసేసినా సరే. కానీ ఇది నిజం. హోం సైన్సులో వేసినా ఇది నిజమే."

వరమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అప్పలసూరి లేచాడు. కూతురి వైపు కాదు, గ్రౌండులోకి నడిచాడు. నిరుడు తను నిలబడిన చోట ఆగి, బొటనవేలితో మొరాన్ని గీశాడు. నిరుడు ఇక్కడినుంచే అవతలి జట్టు ఆయన్ని గీత దాకా ఈడ్చుకుపోయింది. నడుముకు తాడు చుట్టుకోకూడదని రూలు. ఆయన చుట్టుకుంటాడు. నా నడుమే గుంజ అంటాడు. ఆ రోజు ఆ తాడు బిగిసిపోయి, పందెం ముగిసేసరికి నీలుక్కుపోయాడు, కొన్నాళ్ళు మంచం దిగలేదు. ఆ మంచం మీదే బావమరిదిని తిట్టడం మొదలుపెట్టాడు.

అక్కడ ఉన్న చెంబెత్తి కాసిని నీళ్ళు నేల మీద పోశాడు. తడిసిన చోట మడమ పెట్టి తన్నాడు. కాలు సర్రున జారింది. పొడిచోట పెట్టి తన్నాడు. నిలబడింది. మళ్ళీ తడిచోట. మళ్ళీ జారింది.

తిరిగి వచ్చేటప్పటికి ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. దాచుకోడానికి ప్రయత్నించలేదు.

"టీచరమ్మా" అన్నాడు. "రేపు నాను బడికొస్తాను. పేరు మార్చడానికి కాదు. మార్చొద్దని పెద్ద మేష్టారికి చెప్పడానికి. ఈ పిల్ల సైన్సులోనే ఉంటాది. ఎంతదాకా సదువుతానంటే అంతదాకా."

క్లాసు అరిచిన అరుపుకు పక్క సెక్టారు భజన కూడా ఆగిపోయింది. కనకరత్నం గొడుగు గాల్లోకి విసిరేసింది, అది బెహన్‌జీ గొడుగని కూడా చూసుకోకుండా. కమలాకుమారి సంచీని గుండెలకు అదుముకుని ఏడ్చేసింది. కుముదిని మాత్రం నవ్వుతూ తండ్రి బనీను పట్టుకుని వేలాడింది.

గోపాలస్వామి విజిలు ఊదాడు. "ఇక పదండ్రా! ఫైనలు! జట్లు వరసలోకి!"

ఖలాసీలు ఎవరి కొబ్బరికాయ వాళ్ళు పట్టుకుని వరసలో నిలబడ్డారు. కొట్టాలా వద్దా తెలియక తమ పెద్దాయన ముఖం చూశారు. కొడితే కాళ్ళు జారతాయి. కొట్టకపోతే, తాతల కాలంనుంచి వస్తున్న మాట తప్పుతుంది. అప్పలసూరి తన కాయ తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"ఎక్కడ కొట్టాలో నువ్వు చెప్పమ్మా. నువ్వెక్కడ చెపితే అక్కడే కొడతాం."

కుముదిని కాయను రెండు చేతులా పట్టుకుంది. కాయ కాళ్ళ దగ్గర కాదు, పందిట్లో దేవుడి ముందు కొట్టమని చెప్పబోయి నోరు తెరిచింది.

"ఆగమ్మా."

అటు చివరనుంచి నూకరాజు నడిచి వస్తున్నాడు. ఇందాకటి మాటలన్నీ విన్నాడని ముఖమే చెబుతోంది. ఏడాది తర్వాత బావకు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అప్పలసూరి చేతులు చాచబోయాడు. నూకరాజు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పిల్ల సదువు గొప్పది బావా. దాని మాట అంతా నిజమే. నేల జారింది, నీళ్ళూ నిజమే. కానీ నన్ను బతికించడానికని అది చెప్పిన మాట ఒక్కటే నిజం కాదు." అతను కుముదిని వైపు చూడలేక తల దించుకున్నాడు. దించిన చూపు బావ నడుము మీద, కిందటేడు తాడు బిగుసుకున్న చోట, ఆగింది. "నువ్వు చూసింది సరిగ్గానే చూసేవు. ఆ రోజు తాడు నా చేతుల్లోంచి జారలేదు. నానే, కావాలని వదిలీసేను."